దినశుద్ధి – మనశ్శుద్ధి

(అధ్యయన పాఠము)

వీరశైవుని దేహముపై ఇష్టలింగము, నుదుట విభూతి, కంఠమున రుద్రాక్ష, నాలుకపై పంచాక్షరి ఉండును. ఇవి అష్టావరణములలోనివి. దీక్ష పొందిన నాటినుండి భక్తునకు రక్షణ ఇవియే అని గురువు బోధించును. అయినను నేడు అనేక గృహములలో లింగసూత్రమునకు తోడుగా ముంజేతికి తాయెత్తుదారము, గుమ్మమునకు వ్రేలాడు బూడిదగుమ్మడికాయ, వాహనమునకు నిమ్మకాయ మిరపకాయల దండ, గోడపై క్యాలెండరులో గుర్తు పెట్టిన రాహుకాలము కనబడుచున్నవి. ఉదయమున లింగపూజ జరుగును. పూజ ముగిసిన వెంటనే దినపత్రికలో రాశిఫలము చదువబడును. లింగమును నమ్మిన మనస్సే గ్రహమునకు భయపడుచున్నది. ఈ రెండును ఒకే హృదయమున ఎట్లు ఇముడగలవు?

ఈ ప్రశ్న పరిహాసమునకు వేసినది కాదు. భయము మానవునకు సహజము. బిడ్డ జ్వరముతో కాగుచుండగా, పంట చేతికి రాక అప్పు పెరుగుచుండగా, కుమార్తె వివాహము కుదురకుండగా మనస్సు ఏదో ఒక ఆసరాను వెదకును. ఆ వెదకులాటను నిందించుట ధర్మము కాదు. కాని ఆ భయమువలన ఎవరి ప్రాణము పోవుచున్నదో, ఎవరి మానము చెడుచున్నదో, ఎవరి ధనము హరించుచున్నదో విచారించుట మాత్రము ధర్మము. విచారణకు ముందుగా ఒక భేదము గ్రహింపవలెను. కాలనియమము వేరు, కాలభయము వేరు. మొదటిది జ్ఞానము; రెండవది బంధము.

పంచాంగమున గణితమెంత, ఫలితమెంత?

పంచాంగమనగా తిథి, వారము, నక్షత్రము, యోగము, కరణము అను ఐదు అంగములు కలది. చంద్రుడు సూర్యునినుండి 12 అంశలు దూరము జరిగినపుడు ఒక తిథి పూర్తియగును. కావున 360 అంశలకు 30 తిథులు. చంద్రుని వేగము ఎల్లప్పుడు సమానముగా ఉండదు గనుక ఒక తిథి సుమారు 19 గంటలు మొదలు 26 గంటలవరకు ఉండవచ్చును. ఆకాశచక్రమును 27 భాగములు చేసినచో ఒక్కొక్క నక్షత్రమునకు 13 అంశల 20 కలలు వచ్చును. పండ్రెండు చాంద్రమాసములకు సుమారు 354 దినములు. సౌరవర్షమునకు 365 దినములు. ఈ 11 దినముల వ్యత్యాసము పెరిగి పెరిగి ఋతువులకు, మాసములకు పొంతన చెడకుండుటకే 32 లేక 33 మాసములకొకసారి అధికమాసము చేర్చబడును.

ఇంతవరకు ఇది శాస్త్రము. దీనిని లెక్కించిన పూర్వులు పూజ్యులు. ఆర్యభటుని వంటి గణితవేత్తలు పుట్టిన దేశము ఈ లెక్కను చూచి గర్వింపవచ్చును. కాని పంచాంగమున రెండవ భాగము వేరు. అధికమాసము లెక్క సరిచేయుటకు వచ్చినదే అయినను, ఆ మాసమున శుభకార్యము చేసిన కీడు కలుగునని భయపడుట గణితము కాదు. గురుగ్రహమో శుక్రగ్రహమో సూర్యునికి సమీపమున ఉన్నట్లు కనబడి ఆ వెలుగులో మన కంటికి కానరాకుండుటయే మౌఢ్యము. దానివలన ఆ గ్రహమునకు కలిగిన లోపమేమియు లేదు. చూచువాని కంటికి కలిగిన అడ్డంకిని గ్రహమునకు ఆరోపించి, వందలాది వివాహములను వాయిదా వేయుట లోకరీతి అయినది.

మకర సంక్రాంతి ఇందుకు మంచి ఉదాహరణము. సూర్యుడు ఉత్తరమునకు మరలు దినము డిసెంబరు 21 లేక 22. పంచాంగము ప్రకారము మకర సంక్రమణము జనవరి 14 లేక 15. పూర్వము ఈ రెండును ఒకే కాలమున ఉండెడివి. భూమి అక్షము మెల్లగా దిశ మార్చుకొనుటవలన సుమారు 72 సంవత్సరములకు ఒక అంశ చొప్పున తేడా పెరిగి, నేటికి అది ఇరువదినాలుగు దినములకు చేరినది. 1952లో భారత ప్రభుత్వము మేఘనాథ్ సాహా అధ్యక్షతన పంచాంగ సంస్కరణ సంఘమును నియమించినది. ఆ సంఘము ఇట్టి విషయములన్నిటిని పరిశీలించినది; దాని సిఫారసుపై 1957 మార్చి 22న జాతీయ పంచాంగము అమలులోనికి వచ్చినది. ఉత్తరాయణ పుణ్యము ఒక నిర్ణీత క్షణమునకే కట్టుబడి ఉన్నదని వాదించువారు, ఏ క్షణమునకు కట్టుబడి ఉన్నదో ముందుగా తేల్చవలసి ఉండును. పండుగ వలదని దీని భావము కాదు. కొత్తపంట ఇంటికి వచ్చిన సంతోషమునకు, పశువులను ఆదరించుటకు, బంధువులు కూడుటకు క్షణగణనతో పనిలేదు.

ఇక రాహుకాలము. సూర్యోదయమునుండి సూర్యాస్తమయమువరకు పగటిని ఎనిమిది భాగములు చేసి, వారమును బట్టి ఒక భాగమును రాహువునకు కేటాయింతురు. పగలు 12 గంటలనుకొన్నచో ఆ భాగము గంటన్నర. సోమవారము ఉదయము 7.30 మొదలు 9 వరకు, శుక్రవారము 10.30 మొదలు 12 వరకు, ఇట్లు. రోజుకు గంటన్నర చొప్పున సంవత్సరమునకు సుమారు 547 గంటలు. పగటి లెక్కన 45 దినములు. యమగండమును, గుళికకాలమును కూడ విడిచిపెట్టినచో ప్రతి పగటిలోను ఎనిమిదింట మూడు పాళ్లు పోవును. వర్జ్యము, దుర్ముహూర్తము ఇంకను మిగిలియే ఉన్నవి. గుంతకల్లు కూడలిలో రైలు రాహుకాలమున నిలిచిపోదు. నాగలి పట్టిన రైతు, మగ్గమెక్కిన నేతగాడు, ప్రసవము చేయు మంత్రసాని ఈ గడియలను విడిచి పని చేయలేదు. కాయకమును ఈశ్వరార్చనగా భావించు మతమున, పగటిలో కొంత భాగము అర్చనకు పనికిరాదనుట ఎట్లు పొసగును?

గ్రహణము – ఛాయ

రాహుకేతువులు ఆకాశమున కనబడు గోళములు కావు. సూర్యుని మార్గమును చంద్రుని మార్గము ఖండించు రెండు బిందువులకు అవి పేర్లు. క్రీ.శ. 499 నాటి రచనగా ప్రసిద్ధమైన ఆర్యభటీయమున, చంద్రుడు సూర్యుని కప్పుటవలన సూర్యగ్రహణము, భూచ్ఛాయ చంద్రునిపై పడుటవలన చంద్రగ్రహణము కలుగునని స్పష్టముగా చెప్పబడినది. అనగా బసవేశ్వరునికి ఆరువందల సంవత్సరములకు పూర్వమే ఈ దేశమునకు సత్యము తెలియును.

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణము కర్ణాటకమునుండి తెలంగాణము మీదుగా ఒడిశావరకు కనబడినది. ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చెందిన జపాల్–రంగాపూర్ వేధశాల ఆ ఛాయామార్గముననే ఉండెను. శాస్త్రజ్ఞులు దూరదేశములనుండి ఆ దృశ్యమును చూడవచ్చిరి. పట్టణములలోని ప్రజలు మాత్రము తలుపులు మూసికొని లోపల కూర్చుండిరి. సూర్యుని తిన్నగా చూచినచో కన్ను చెడునన్నది నిజము. తగిన కంటిరక్షణ అవసరము. అంతకు మించి గర్భిణి కదలరాదని, నీరు త్రాగరాదని, ఆమె కత్తి పట్టినచో శిశువునకు పెదవి చీలునని చెప్పుటకు ఆధారము లేదు. గంటలకొలది నీరు లేక కూర్చున్న గర్భిణి నీరసించుటయే జరుగును.

1962 ఫిబ్రవరి మొదటివారమున మకరరాశియందు ఎనిమిది గ్రహములు కూడునని, ప్రళయము తప్పదని దేశమంతట గొప్ప భయము వ్యాపించెను. ఎన్నోచోట్ల హోమములు జరిగెను. ప్రయాణములు మానుకొన్నవారు అనేకులు. గ్రహములు కూడినవి, విడిపోయినవి, ప్రళయము రాలేదు. కాని భయపడిన జనము ఆ పాఠమును త్వరలోనే మరచినది. జోస్యము తప్పినపుడు మరచిపోవుట, ఒప్పినపుడు పదిమందికి చెప్పుట – ఫలితజ్యోతిషమునకు బలము ఇందుననే కలదు.

జాతకము – వివాహము

దినపత్రికలలోని రాశిఫలములు ప్రాచీనములని అనేకుల అభిప్రాయము. అట్టి శీర్షికలకు ప్రాచుర్యము కలిగించినది 1930 ఆగస్టు 24 నాటి లండన్ వారపత్రిక యగు సండే ఎక్స్‌ప్రెస్. ఇంగ్లండు రాజకుటుంబమున ఒక శిశువు జన్మించిన సందర్భమున ఆర్.హెచ్. నేలర్ అను జ్యోతిష్కుడు వ్రాసిన జాతకము పాఠకులను ఆకర్షింపగా, ఇతర పత్రికలును ఆ బాటనే పట్టెను. కోట్లాది జనమును 12 రాశులుగా విభజించి, ఒక్కొక్క రాశివారందరికి ఆనాడు ధనలాభమనియో కలహమనియో చెప్పుట ఎంత నిలుచునో పాఠకులే ఊహింపగలరు.

జాతకము చూచి మనిషి గుణమును చెప్పగలరా అను ప్రశ్నకు ఒక పరీక్ష జరిగినది. 2008లో పుణెలో ఖగోళశాస్త్రజ్ఞుడు జయంత్ నార్లీకర్, నరేంద్ర దాభోల్కర్ మొదలగు మిత్రులతో కలిసి, చురుకైన విద్యార్థులు వందమందివి, బుద్ధిమాంద్యము కల పిల్లలు వందమందివి మొత్తము 200 జాతకములు సేకరించెను. పరీక్షకు సమ్మతించిన జ్యోతిష్కులకు నలుబదేసి జాతకములు పంపి, ఏది ఏ వర్గమునకు చెందినదో చెప్పుమని కోరెను. జవాబులు పంపిన 27 మంది సరియైన సమాధానములు సగటున నూటికి 46. బొమ్మా బొరుసా అని నాణెము ఎగురవేసినను నూటికి 50 వచ్చును.

ఇక కుజదోషము. జన్మకుండలిలో లగ్నమునుండి 2, 4, 7, 8, 12 స్థానములలో కుజుడున్నచో దోషమని చెప్పుదురు. స్థానములు మొత్తము 12. అందు 5 దోషస్థానములు. అనగా లగ్నమొక్కటి లెక్కించినను పండ్రెండుమందిలో అయిదుగురికి దోషము వచ్చును. చంద్రునినుండి, శుక్రునినుండి కూడ లెక్కించువారి పద్ధతిన సగముకంటె ఎక్కువమంది దోషజాతకులగుదురు. లోకమున సగముమందికిపైగా ఉన్నదానిని దోషమనుట ఎట్లు? అయినను ఈ ఒక్క మాట వలన ఎందరో కన్యలు వయస్సు మీరి పుట్టింటనే ఉండిపోవుచున్నారు. మూలా నక్షత్రమున పుట్టినదని మామగారికి కీడు అంటగట్టి సంబంధము తప్పించువారును కలరు. వరుని దురలవాట్లు, ఆరోగ్యము, అప్పులు విచారింపని పెద్దలే గణములను మాత్రము శ్రద్ధగా విచారింతురు. పొంతన కుదిరిన సంసారములు చెడిపోవుట, పొంతన చూడని సంసారములు సుఖముగా సాగుట ప్రతి గ్రామమునను కనబడును.

ఇటీవలి కాలమున మరొక విపరీతము వచ్చినది. బిడ్డ మంచి లగ్నమున పుట్టవలెనని శస్త్రచికిత్సకు ముహూర్తము పెట్టించుచున్నారు. గర్భమున 39 వారములు నిండకముందే, వైద్య కారణము లేకుండ బిడ్డను బయటికి తీసినచో శ్వాస ఇబ్బందులు కలుగు ప్రమాదము హెచ్చు. అవసరమైన శస్త్రచికిత్సను నక్షత్రము కొరకు ఆలస్యము చేసినను తల్లికిని బిడ్డకును ముప్పే. జాతకము బాగుండవలెనని జన్మమునే ప్రమాదమున పడవేయుట కంటె విచారకరమేమున్నది?

ఋతువులు – మాసములు

ఋతువును గుర్తించుట తప్పు కాదు. మృగశిర కార్తె నేటి కాలమున జూన్ 7, 8 తేదీలలో మొదలగును; అది తొలకరి సమయము. కార్తెలను బట్టి దుక్కి, విత్తనము, నాట్లు నిర్ణయించుకొన్న రైతు నిమిషములకు భయపడలేదు. మబ్బును, మట్టిని చూచినాడు. ఇది కాలనియమము. ఆషాఢమున కొత్త దంపతులు వేరుగా ఉండవలెనను ఆచారమునకు పెద్దలు రెండు కారణములు చెప్పుదురు. ఒకటి, పొలముపనుల రద్దీ. రెండు, ఆషాఢమున గర్భము నిలిచినచో నడివేసవిలో ప్రసవము వచ్చును. ఆనాటి జీవనమునకు అది పొసగెను. నేడు పట్టణమున ఉద్యోగము చేయు దంపతులు అత్తకు కీడగునను భయముతో విడిగా ఉండుట, కారణము పోయి భయము మాత్రము మిగిలిన ఆచారము.

ఈ ధోరణి మన దేశమునకే పరిమితము కాదు. ఇంగ్లండున మంత్రగత్తెలను గూర్చిన 1735 నాటి చట్టము 1951లో రద్దయినది. 1954లో జెరాల్డ్ గార్డ్‌నర్ అను నతడు ఆధునిక మంత్రవిద్యను గూర్చి గ్రంథము వెలువరించెను. ఆ మార్గమువారు అయనములు రెండు, విషువములు రెండు, వాని నడుమ నాలుగు దినములు కలిపి సంవత్సరమున ఎనిమిది ఋతుపర్వములు జరుపుదురు. వారిలో చాలమందికి అది ప్రకృతిపట్ల భక్తి. దానిని ద్వేషింప పనిలేదు. కాని ఆ వేడుకలతోపాటు అదృష్టమునిచ్చు స్ఫటికములు, భవిష్యము చెప్పు చీట్లు అంగడిసరకులై హైదరాబాదు, బెంగళూరులకు వచ్చినవి. విదేశములలో పెరుగుచున్న లింగాయత బాలబాలికలు తాయెత్తును చూచి నవ్వి, స్ఫటికమును కొని ధరించుట కూడ ఉన్నది. వస్తువు మారినది, భయము మారలేదు.

చేతబడి, బాణామతి

దినశుద్ధి విచారము ధనమును, కాలమును మాత్రము హరించును. చేతబడి భయము ప్రాణమునే హరించును. మెదకు, బీదరు, కలబురగి ప్రాంతములలోను, మరాఠ్వాడలోను బాణామతి అను పేరు విననివారు అరుదు. ఒంటిపై అకస్మాత్తుగా మచ్చలు, అక్షరములు కనబడుట, ఇంటిపై రాళ్లు పడుట, పెట్టెలోని బట్టలు కాలుట, స్త్రీలు కుక్కవలె అరచుట – వీనిని బాణామతి లక్షణములుగా చెప్పుదురు.

నల్లజీడి గింజల రసము చర్మమునకు తగిలినచో బొబ్బలు, నల్లని మచ్చలు కలుగును. చాకలివారు బట్టలకు గుర్తులు పెట్టు రసమదియే. పొటాసియం పర్మాంగనేటుపై గ్లిసరిను పడినచో కొద్దిసేపటికి అగ్గిపుల్ల లేకయే మంట పుట్టును. రాయి విసరుటకు చేయి చాలును. ఇక అరపులు, మూర్ఛలు: అత్తింటి బాధ, చెప్పుకొనలేని దుఃఖము, ఆకలి, అవమానము మనస్సులో కూరుకొని దేహము ద్వారా బయటపడుట వైద్యులకు తెలిసిన విషయము. ఒక స్త్రీకి వచ్చినది చూచి పక్కయింటి స్త్రీకి వచ్చుటయు వైద్యమున నమోదైనదే. ఆమెకు కావలసినది వేపమండల దెబ్బ కాదు, వినువారు, వైద్యుడు.

కారణము వెదకని గ్రామము ఒక మనిషిని వెదకును. దొరకువారు ఎల్లప్పుడు ఒకే విధమైనవారు: ఒంటరి వితంతువు, పేదవాడు, వృద్ధుడు, ఆకులు అలములు తెలిసిన నాటువైద్యుడు, లేదా పొలము గట్టు తగాదాలో ఉన్న పొరుగువాడు. మంత్రము ఉచ్చరింపలేకుండుటకని పళ్లు ఊడగొట్టుట, చెట్టునకు కట్టి కొట్టుట, సజీవముగా దహించుట తెలుగునాట జరిగిన ఘోరములే. దేశమున జరుగు హత్యల కారణములను లెక్కించు జాతీయ నేరనమోదు సంస్థ తన వార్షిక నివేదికలో చేతబడికి ప్రత్యేకముగా ఒక వరుసయే కేటాయింపవలసి వచ్చినది.

బిహారు 1999లో, జార్ఖండు 2001లో, ఛత్తీస్‌గఢ్ 2005లో ఈ హింసకు వ్యతిరేకముగా చట్టములు చేసినవి. మహారాష్ట్రమున చట్టము కొరకు సంవత్సరముల తరబడి పాటుపడిన నరేంద్ర దాభోల్కర్ 2013 ఆగస్టు 20న పుణెలో హత్యకు గురియయ్యెను. ఆ సంవత్సరమే అచట చట్టము వచ్చినది. వచనసాహిత్య పరిశోధకుడు ఎం.ఎం. కలబురిగి 2015 ఆగస్టు 30న ధార్వాడలో తన గృహముననే హత్యకు గురియయ్యెను. 2017లో కర్ణాటక శాసనసభ క్షుద్రవిద్యల నిషేధచట్టమును ఆమోదించినది. మంత్రములు, తాయెత్తులు రోగములను పోగొట్టునని ప్రకటించుట 1954 నాటి కేంద్ర చట్టము ప్రకారమే నేరము.

పాముకాటు విషయమున మంత్రము మరింత ప్రమాదకరము. మన దేశమున 2000 మొదలు 2019 వరకు సగటున ఏటేట సుమారు 58,000 మంది పాముకాటువలన మరణించిరని పరిశోధకుల అంచనా. మంత్రగాని యొద్ద కొందరు బ్రతుకుదురన్నది నిజమే. వారిని కరచినది విషము లేని పాము, లేదా కరచియు విషము విడువని పాము. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర కరచి విషమెక్కినపుడు విరుగుడు సూదిమందు తప్ప ప్రాణము నిలుపునది లేదు. కట్లపాము కాటు నొప్పి కూడ తెలియనీయదు. తెల్లవారువరకు మంత్రము వేయించినచో తెల్లవారుటయే ఉండదు. రాతినాగునకు పాలు పోసి, ప్రాణమున్న నాగును కొట్టు లోకరీతిని బసవేశ్వరుడు ప్రశ్నించిన కాలమునుండి నేటికి ఎనిమిది శతాబ్దములు గడచినవి.

శరణుల మార్గము

పండ్రెండవ శతాబ్దమున కల్యాణమున శరణులు చెప్పినది క్రొత్త దేవతను గూర్చి కాదు. భయము లేని భక్తిని గూర్చి. ఉపనయనమును నిరాకరించి గృహము విడిచిన బాలబసవని కథ బసవపురాణమున పాల్కురికి సోమనాథుడు తెలుగువారికి అందించినదే. లగ్నబలము, తారాబలము, రాశిపొంతన అను విచారముకంటె శరణుల సమ్మతి, శివార్చన మిన్న యనునది బసవేశ్వరుని ఒక వచనమునకు సారాంశము. రేపటికంటె నేడే మేలను ధైర్యము అందు కలదు. ఏ దినమున శివుని స్మరింతురో ఆ దినమే శుభదినము; స్మరణకు దూరమైన దినము ఎంత గొప్ప ముహూర్తమున మొదలైనను శుభము కాదు.

లింగధారికి పంచసూతకములు లేవని వీరశైవము చాటినది: జాతి, జనన, ప్రేత, రజ, ఉచ్ఛిష్ట సూతకములు. దీని లోతు గమనింపవలెను. పుట్టుకయందు, చావునందు, స్త్రీదేహమునందు అశుభము లేదన్నవారు, వారమునందు, గడియయందు, ఎదురువచ్చిన వితంతువునందు అశుభమున్నదని ఎట్లు ఒప్పుకొందురు? వివాహ మండపమున కన్నతల్లి వితంతువైనదని వెనుక నిలుపువారు పంచసూతక నిరాకరణమును నోటితో చదువుచున్నారేగాని గృహమునకు తెచ్చుకొనలేదు.

పంచాచారములలో లింగాచారము ఇష్టలింగమునందు ఏకనిష్ఠ. ఏకనిష్ఠ యనగా ఇతరులను ద్వేషించుట కాదు. తన విశ్వాసమును పంచిపెట్టకుండుట. తాయెత్తు కట్టుకొనుట వలన లింగమునకు వచ్చిన లోటు లేదు. లింగము చాలదని కట్టుకొన్నవాడు ఒప్పుకొన్నట్లగును. సదాచారము న్యాయార్జితమైన బ్రతుకు. భయము చూపి సంపాదించిన ధనము దానికి విరుద్ధము. గణాచారము అన్యాయమును చూచి ఊరకుండమి. చేతబడి నిందతో ఒక వృద్ధురాలిని ఊరు చుట్టుముట్టినపుడు, ఆమె ఏ కులమునకు చెందినదైనను, ఆమెకు అడ్డముగా నిలుచుటయే నేటి గణాచారము.

గృహమున, మఠమున ఆచరణ

ఇచట ఒక సత్యమును దాచరాదు. అనేక గ్రామములలో పంచాంగము చెప్పునది, దారము కట్టునది, దృష్టి తీయునది జంగమయ్యయే. కొన్ని మఠములు పంచాంగములను కూడ ప్రచురించును. ఆయనను నిందించుట సులభము. కాని బిడ్డలకు శివజ్ఞానము చెప్పినందుకు ఆ గ్రామము ఆయనకు ఏమి ఇచ్చినది? భక్తుడు భయమునకు మాత్రమే దక్షిణ ఇచ్చినంతకాలము జంగముడు భయమునే తీర్పవలసి వచ్చును. దాసోహము జ్ఞానమునకు మరలినచో జంగముని బోధయు జ్ఞానమునకు మరలును. ఇది ఇరువురి బాధ్యత.

గృహస్థులు ఆచరింపదగినవి కొన్ని. వివాహమునకు దినము నిశ్చయించునపుడు బంధువుల వీలు, ఋతువు, ఖర్చు, గురువుల రాక విచారింపవలెను. వధూవరుల ఆరోగ్యము, విద్య, నడవడి, పరస్పర సమ్మతి జాతకమునకు బదులుగా పరిశీలింపవలెను. ప్రసవ సమయమును వైద్యుల నిర్ణయమునకు విడువవలెను. మూర్ఛ, పిచ్చి, దీర్ఘజ్వరము వచ్చినపుడు ముందు ఆసుపత్రి, తరువాతనే మ్రొక్కు. పాము కరచినచో గాటు పెట్టక, నోటితో పీల్చక, గట్టిగా కట్టక, కరచిన అవయవమును కదలనీయక 108 వాహనమున ఆసుపత్రికి చేర్పవలెను. ఎవరిపైనైనను చేతబడి నింద పుట్టినచో అది పెరుగక ముందే 112 సంఖ్యకు తెలుపవలెను. రాత్రి గుంపు పోగైన పిదప మంచిమాట వినబడదు.

మఠములు తమ పంచాంగములలో వర్జ్యము ముద్రించు చోటనే పాముకాటుకు ప్రథమచికిత్స, గర్భిణుల ఆహారము, సమీప ఆసుపత్రుల వివరములు ముద్రింపవచ్చును. శ్రావణమాస ప్రవచనములలో ఒకనాడు వైద్యునికి ఆసనమీయవచ్చును. వివాహములందు వితంతువులైన తల్లులచే మొదటి అక్షతలు వేయించినచో ఆ ఒక్క దృశ్యము అనేక ఉపన్యాసములకు సమానము. 1976లో రాజ్యాంగమునకు చేర్చిన ప్రాథమిక కర్తవ్యములలో శాస్త్రీయ దృష్టిని, మానవతను, విచారణాబుద్ధిని పెంపొందించుట ఒకటి. అనుభవమంటపమున ప్రశ్నించి, వాదించి, అనుభవమున తేల్చుకొన్న శరణుల సంతతికి ఆ కర్తవ్యము కొత్తది కాదు.

భయము ఒక్కనాట పోదు. తల్లి బిడ్డకు దృష్టిచుక్క పెట్టుటను పట్టుకొని ఆమెను అవమానింప పనిలేదు. ఆ చుక్కలో ప్రేమయే ఎక్కువ. కాని ఆ బిడ్డకు జ్వరము వచ్చిననాడు చుక్క చాలదని ఆమెకు తెలియవలెను. కరస్థలమున లింగమును నిలిపి కన్ను విప్పినవాడు గడియారమును పనికొరకు చూచును, భయముకొరకు చూడడు. దినమును శుద్ధిచేయుట ఎవరి చేతను కాదు. మనస్సును శుద్ధిచేసికొనుట ప్రతివాని చేతనున్నది.

మననమునకు ప్రశ్నలు

1. కాలనియమమునకు, కాలభయమునకు భేదమేమి? ప్రతి కుటుంబమును తన ఇంటి ఆచారములలో ఏవి మొదటి వర్గమునకు, ఏవి రెండవ వర్గమునకు చెందునో పట్టిక వ్రాసికొని చర్చింపవలెను.

2. పంచసూతక నిరాకరణమును అంగీకరించినవారు శకునములను ఏల అంగీకరింపరాదు?

3. కుజదోషము గల కన్య సంబంధమును కాదన్నపుడు ఆ ఇంటి పెద్దలకు చెప్పదగిన సమాధానమేమి?

4. గ్రామమున ఒకరిపై చేతబడి నింద వచ్చినచో గణాచారము పాటించువారు మొదటి గంటలో చేయవలసిన పనులేవి?

5. జంగముని బోధ భయమునుండి జ్ఞానమునకు మరలుటకు భక్తులు తమ దాసోహమును ఏ విధముగా మార్చుకొనవలెను?